సారె తిన్న ఎలుగు, బెల్లం వండిన తాత

అమెరికా వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అనకాపల్లి బెల్లం మార్కెట్టులో ఎదురుపడిన ప్రతివాడూ అడిగేది ఒకటే, ఆ పెద్ద పెద్ద మేడలు చూశావా అని. చూశాను. మెడ పట్టేసేదాకా చూశాను. అయితే మేడల దగ్గర నేనేమీ నోరు తెరవలేదు, సినిమాల్లో చూసినవే కదా. నోరు తెరిచింది మేడలే లేనిచోట. మేనకోడలి పెళ్ళికని రెండు రోజులు కారులో పొలాలూ కొండలూ పట్టుకుని వెళ్ళాం. ఆ దారిలో తెరుచుకున్న నోరు ఇప్పటికీ సరిగ్గా మూతపడలేదని మా రత్నం అంటుంది. రత్నం నా భార్య. ఆవిడ నోరూ తెరుచుకుందిగానీ ఆ సంగతి ఆవిడ చెప్పదు, నేనే చెప్పాలి.

సారె బండెక్కింది

ఇది రెండువేల పదకొండు నాటి మాట. దసరా వెళ్ళి, దీపావళి ఇంకా రాని రోజులు. మా చెల్లెలు శారద పెళ్ళయిన కొత్తలోనే అమెరికా వెళ్ళి, వాషింగ్టన్‌కి దగ్గర్లో ఆష్‌బర్న్ అనే ఊళ్ళో స్థిరపడింది. దాని పిల్లలు చైతన్య, సాహితి అక్కడే పుట్టారు. సాహితి తనతో చదువుకున్న ల్యూక్ అనే అబ్బాయిని చేసుకుంటానంది. మంచివాడు, నిదానస్తుడు, నాలుగు మాటలు అడిగితే ఒక మాట చెబుతాడు. వాళ్ళది వర్జీనియా చిట్టచివర, కెంటకీ సరిహద్దు కొండల్లో ఒక పొలం. చిన్నప్పుడే తల్లీ తండ్రీ విడిపోయి చెరో దిక్కుకి పోతే తాతా నాయనమ్మా పెంచారు. నాయనమ్మ పోయింది. మిగిలింది తాత, ఎర్ల్ గారు.

చిక్కంతా ఆయనతోనే. పొద్దున మన పద్ధతిలో పందిట్లో పెళ్ళి, మధ్యాహ్నం వాళ్ళ చర్చిలో పెళ్ళి అని పిల్లలు అనుకున్నారు. చర్చికి వచ్చి ముందు వరసలో కూర్చుంటాను, పందిట్లోకి మాత్రం రాను అని ఆయన తేల్చేశాడట. తిట్టలేదు, అరవలేదు. ఒక దేవుడికి మాట ఇచ్చాను, ఇంకో దేవుడి ముందు నిలబడలేను అన్నాడట. పైగా పొలంలో పని ఉంది, అది ఆగేది కాదు అన్నాడట. విడ్డూరం ఏమిటంటే పందిరి వేస్తున్నది ఆయన పొలంలోనే. నాయనమ్మ ఉన్నచోటే పెళ్ళి జరగాలని ల్యూక్ కోరితే సరేనన్నాడు. ఒక మనిషి భూమ్మీద పెళ్ళి, ఆ మనిషే లేని పెళ్ళి! నా ఎరుకలో ఇలాంటిది వినలేదు.

మేం బయల్దేరే ముందు సాహితి ఫోన్ చేసింది. వాళ్ళంతా అప్పటికే ముందు వెళ్ళిపోయారు. దారిలో తినడానికి ఏం పెట్టుకోవాలో చెప్పి, అసలు మాట చెప్పింది.

“మావయ్యా, తాత రాకపోతే ల్యూక్ ఏమీ అనడు. అదే నాకు భయం. లైఫంతా ఏమీ అనడు.”

నా చేతిలో ఉన్న పని ఒక్కటే, జీలకర్రా బెల్లం. మన పెళ్ళికి ప్రాణం అదేగా. ముహూర్తం వేళకి పిల్లా పిల్లాడూ ఒకరి తలమీద ఒకరు ఆ ముద్ద పెడితేనే పెళ్ళి. మూడు తరాలుగా బెల్లం వ్యాపారం చేస్తున్న ఇంటివాణ్ణి, మేనకోడలి పెళ్ళికి నా దుకాణం బెల్లమే ఉండాలని అనకాపల్లి నుంచి ఒక దిమ్మ గోనెలో కట్టి విమానమెక్కించాను. దాంతోపాటు పుట్టింటి సారె: అరిసెలు, సున్నుండలు, చలిమిడి, పసుపు, కుంకుమ. రత్నం ఆష్‌బర్న్‌లో రెండు రోజులు పొయ్యి దగ్గరే నిలబడి అరిసెలు వండింది. పొగకి ఇంట్లో ఉన్న యంత్రమేదో కుయ్యోమని అరిచి వాడంతా లేపింది. అది తర్వాత జరగబోయేవాటికి శకునమని నాకు తట్టలేదు.

మనుషుల్లేని పొలాలు

చైతన్య కారు నడిపాడు. వాడు ముప్పైకి దగ్గరపడ్డా తెలుగు మాత్రం పదేళ్ళ పిల్లాడిది. ఊరు దాటిన కాసేపటికే రెండు కొండ వరసల మధ్య పెద్ద లోయలో పడ్డాం. చెట్లన్నీ ఎరుపు, పసుపు, ఇటిక రంగు. కొండకి నిప్పంటుకుందేమోనని రత్నం కంగారుపడింది. ఆకులు రాలేముందు ఇలా రంగు తిరుగుతాయని, ఇది చూడటానికి జనం సెలవు పెట్టుకుని వస్తారని చైతన్య చెప్పాడు. రాలిపోయే ఆకుల్ని చూడటానికి సెలవా అని ఆవిడ ఇంకా ఆశ్చర్యపోయింది.

నన్ను నివ్వెరపరిచింది ఆకులు కాదు, పొలాలు. కళ్ళు చాలినంత దూరం పచ్చిక, మొక్కజొన్న, ఆవులు. మనిషన్నవాడు లేడు. కలుపు తీసేవాళ్ళు లేరు, గట్టుమీద కూర్చుని చుట్ట కాల్చేవాడు లేడు, ఆవుల వెనక కర్ర పట్టుకున్నవాడు లేడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రోడ్డు పక్కన నడిచే మనిషిని ఒక్కణ్ణి చూపించమని చైతన్యతో పందెం వేశాను. వాడు ఓడిపోయాడు. ఏదో జబ్బొచ్చి జనమంతా పోయారేమోనని నాకు లోపల గుబులుగానే ఉంది.

ఒక మలుపులో ఆపిల్ బస్తాలు పేర్చిన బల్ల కనబడితే ఆపించాను. బల్ల ఉంది, పళ్ళున్నాయి, ధర రాసిన అట్టముక్క ఉంది, బస్తా ఆరు డాలర్లు. అమ్మేవాడు లేడు. పక్కన మూతకి చీలిక పెట్టిన చెక్కడబ్బా ఉంది, అంతే. డబ్బులు అందులో వేసి తీసుకెళ్ళాలట. నేను నమ్మలేదు. చెట్టుచాటునుంచి ఎవడో చూస్తుంటాడని అటూ ఇటూ వెతికాను. రత్నానికి వచ్చిన బాధ వేరు, బేరమాడటానికి మనిషి లేడు. ఐదుకిస్తారా అని ఎవర్ని అడగాలి? చివరికి ఆరూ డబ్బాలో వేసి, వేసినట్టు సాక్ష్యం ఉండాలని చైతన్య చేత ఫోటో తీయించుకుంది. మా మార్కెట్టులో ఇలా ఒక డబ్బా పెట్టి దుకాణం వదిలి వెళ్తే సాయంత్రానికి ఏం మిగులుతుందో నేను చెప్పను. డబ్బా కూడా మిగలదు.

దింపని సారె

సాయంత్రానికి కొండ ఎక్కి, అడవంచున ఒక చెక్క ఇంట్లో దిగాం. రాత్రికి అద్దెకిచ్చే ఇల్లు. ఇంటావిడ తెల్లజుట్టు మనిషి, మమ్మల్ని జన్మలో చూసింది లేదు, అయినా వాకిట్లోనే కావిలించుకుంది. నేను రెండడుగులు వెనక్కి వేశానుగానీ తప్పించుకోలేకపోయాను. రత్నం నవ్వు ఆపుకోలేకపోయింది. రాత్రికి ఆవిడ పెట్టింది చూసి మళ్ళీ నోరు తెరిచాం: గోధుమరంగు గింజలు మెత్తగా ఉడికించిన కూర, మొక్కజొన్న పిండి రొట్టె, పక్కన పచ్చి ఉల్లిపాయ చెక్క. అమెరికా అంటే బన్నుల దేశమనుకున్నవాణ్ణి, ఈ రొట్టె అచ్చం మా అమ్మ పెట్టినలాంటిదే. రత్నం సంచిలోంచి ఆవకాయ తీసి ఆవిడకీ వడ్డించింది. ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకోటి అడిగింది.

అక్కడ వాకిట్లో ఒక బోర్డు ఉంది. కారులో తినే వస్తువులేవీ ఉంచొద్దని. చైతన్య చదివి చెప్పి, సారె బుట్టలు లోపలికి తెస్తానన్నాడు. రత్నం ససేమిరా అంది. సారె ఒకసారి బండెక్కితే పెళ్ళివారి గుమ్మంలోనే దిగాలట, దారిలో ఇంకొకరి ఇంట దింపితే అది వాళ్ళ సొమ్మైపోతుందట. వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. మా పెళ్ళికి సారె తెచ్చిన ఎడ్లబండివాడు ఏటి ఒడ్డున రాత్రంతా బండిమీదే పడుకున్నాడని ఉదాహరణ కూడా చూపించింది. చైతన్యకి అర్థమైంది సగం. ఆవిడ ముఖం చూశాక ఆ సగం చాలనిపించి ఊరుకున్నాడు. ఈ చుట్టుపక్కల ఎవరూ తాళాలు వేసుకోరని ఇంటావిడ గర్వంగా చెప్పింది కదా, కారు తాళం సంగతి మేమూ పట్టించుకోలేదు. పెళ్ళి బట్టల పెట్టె మాత్రం గదిలోకి తెచ్చుకున్నాం.

పసుపు పంజా

పొద్దున కాఫీ గ్లాసుతో వాకిట్లోకి వచ్చి, ఉన్నచోటే కొయ్యబారిపోయాను. కారు వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలినుంచి బయటిదాకా అంతా పసుపు. సీట్లమీద పసుపు, గడ్డిమీద పసుపు, అద్దంమీద పసుపుతో అచ్చుగుద్దినట్టు ఒక పంజా. నా అరచేయి అందులో రెండుసార్లు పడుతుంది. గడపకి పసుపు రాసుకునే ఇంటివాణ్ణి, ఇలాంటి అలంకారం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

“మావయ్యా, బేర్ వచ్చాడు,” అన్నాడు చైతన్య వెనకనుంచి. “డోర్ ఓపెన్ చేశాడు. వాళ్ళకి హ్యాండిల్ తెలుసు.”

తలుపు పిడి లాగి తీసే ఎలుగుబంటి! అరిసెలు లేవు. సున్నుండలు లేవు. చలిమిడి గిన్నె నాకి నాకి తోమినట్టుంది. గోనె చీలికలై పడి ఉంది, బెల్లం దిమ్మ ఆనవాలు లేదు. తంతే బూరెల బుట్టలో పడ్డాడంటారు, ఇది ఎవరూ తన్నకుండానే పడింది. వదిలేసింది జీలకర్ర పొట్లం ఒక్కటే. ఒకసారి వాసన చూసి తుమ్మి ఉంటుంది, పొట్లం దూరంగా పడి ఉంది.

రత్నం మెట్లమీద కూలబడింది. అరిసెల కోసం ఏడవలేదు. నావల్లే పోయింది, శుభమా అని పెళ్ళికెళ్తూ ఇదేటి అపశకునం అని ఏడ్చింది. ఇంటావిడ గొట్టంతో నీళ్ళు కొట్టి కారు కడుగుతూ, నవ్వు దాచుకుంటూ, శీతాకాలం నిద్రకి ముందు అవి దొరికిందల్లా తింటాయి, ఈ ఎలుగు ఈసారి హాయిగా పడుకుంటుంది అంది. చైతన్య దాన్ని తెలుగు చేయబోయాడు, నేను వద్దన్నాను. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళకూడదని సామెత. ఎలుగుబంటికి విందు పెట్టి వెళ్ళొచ్చో లేదో మన పెద్దలు చెప్పలేదు.

తుపాకులూ వేరుశనక్కాయలూ

కొండల్లో ఫోనుకి సిగ్నల్ లేదు. మధ్యాహ్నానికి ఒక పెట్రోలు బంకు దగ్గర అందింది. ఆ బంకు దుకాణంలో ఒక అరలో పాలు, రొట్టె, దాని పక్క అరలో తుపాకులు. అవును, తుపాకులే, అగ్గిపెట్టెల్లాగా అమ్మకానికి. ఒకావిడ చంకలో పిల్లాణ్ణి ఎత్తుకుని పాలు తీసుకుని, తూటాల పెట్టె తీసుకుని, నాకు నవ్వుతూ నమస్కారంగా తలూపి వెళ్ళింది. నేను గోడకి అంటుకుపోయాను. అదే దుకాణంలో మూలన ఒక డేగిసాలో ఉప్పేసి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు! మా రైల్వేస్టేషన్ బయట అమ్మేవే. తుపాకులు చూసి బిగుసుకున్న ప్రాణం ఆ వాసనకి కాస్త సర్దుకుంది. గ్లాసు నిండా తీసుకుని కారులో ఒలుచుకు తిన్నాం, రత్నం కూడా నాలుగు తింది.

శారదకి ఫోనులో సంగతి చెప్పాను. ఆష్‌బర్న్ నుంచి రావాల్సినవాళ్ళంతా అప్పటికే బయల్దేరిపోయారు, ఇండియన్ దుకాణమంటే వెనక్కి సగం రోజు ప్రయాణం. పక్కనున్న పంతులుగారు ఫోను అందుకుని, కంగారేం లేదు, బ్రౌన్ షుగర్ వాడదాం, ఈ దేశంలో ఎన్ని పెళ్ళిళ్ళు దాంతో చేయించానో అన్నారు. ఎలుగుబంటిని చూసినా నాకు అంత దెబ్బ తగలదు. అనకాపల్లి వాడి మేనకోడలి తలమీద మిల్లు పంచదారకి రంగేసిన పొడి! సరేనండి అని ఫోను పెట్టేశాను. సరే అనలేదు మనసులో.

సమాధుల పక్క పందిరి

పొద్దు వాలేముందు చేరుకున్నాం. చుట్టూ కొండలు, మధ్యలో పచ్చిక, పచ్చికలో తెల్లటి పందిరి, అరటి పిలకల బదులు మొక్కజొన్న చెట్లు కట్టారు. అందంగానే ఉంది. అయితే పందిరికి ఎదురుగా చిన్న మిట్టమీద ఏవో రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే సమాధులు. పొలంలోనే, ఇంటి వెనకే, పెళ్ళిపందిట్లో కూర్చుంటే కనబడేటంత ఎదురుగా! ఇక్కడ ఎవరి పొలంలో వాళ్ళ పెద్దల్ని పెట్టుకుంటారట. కొత్త రాయి ల్యూక్ నాయనమ్మది. ఆవిడ ఉన్నచోటే పెళ్ళి అంటే ఇదన్నమాట.

రత్నం ముఖం పాలిపోయింది. సారె పోయింది, ఇప్పుడు ఎదురుగా శ్మశానం, ఇదెక్కడి పెళ్ళి అని గుడ్లనీరు కుక్కుకుంది. పందిరి తిప్పించమని శారదని అడగబోయింది కూడా. మళ్ళీ ఏమనుకుందో ఆగి, ఆ రాళ్ళకేసి చాలాసేపు చూసింది.

“పెళ్ళికి ముందు మనం పెద్దలకి బట్టలు పెట్టుకుంటాం కదండీ,” అంది. “ఈళ్ళు పెద్దల్ని పక్కనే పెట్టుకున్నారు. ఈవిడికి ఎవరైనా పెట్టారా?”

ఎవరు పెడతారు? పెట్టె తెరిచి పసుపుపచ్చ జాకెట్టు ముక్క ఒకటి తీసి, దానిమీద తన భరిణెలోని కుంకుమతో బొట్టు పెట్టి, మిట్ట ఎక్కి ఆ రాతి పాదాల దగ్గర ఉంచి దండం పెట్టుకుంది. ఎవర్నీ అడగలేదు. తప్పేమోనని నాకు భయం వేసింది. ఎర్ల్ గారి తుపాకీ ఎక్కడుంటుందో తెలియదాయె.

జొన్న పాకం

అప్పుడే గాలి తిరిగి ఒక వాసన వచ్చింది. నేను పుట్టి పెరిగిన వాసన. ముందు నమ్మలేదు, ఎలుగు తిన్న బెల్లం కలలోకొస్తోందనుకున్నాను. వాసన పట్టుకుని నడిస్తే గుట్ట కింద రేకుల పాక, అందులోంచి పొగ. పాక పక్కన నరికి పేర్చిన గడలు. మొక్కజొన్న కాదు, చెరకూ కాదు. చివర కంకి చూశాను, జొన్న! తీపి జొన్న. గానుగలో నలిగిన పిప్పి ఒక కుప్ప, పొడవాటి పెనం, కింద కట్టెల మంట, పెనంలో ఆకుపచ్చ రసం పొంగుతోంది. తోలుమొహం, నీలం చొక్కా, పెద్ద బూట్లు వేసుకున్న పెద్దాయన కర్రకి కట్టిన చిల్లుల గరిటెతో మడ్డి తీస్తున్నాడు. మా వైపు మునగపాకలోనో చోడవరంలోనో బెల్లం వండే పాకలో నిలబడినట్టుంది.

ఆయనే ఎర్ల్ గారు. ఆగేది కాదన్న పని ఇదే. నా ఇంగ్లీషు ఆయనకి అందలేదు, ఆయనది నాకు అసలే అందలేదు. నేను ఇంకో గరిటె తీసుకుని అవతలివైపు మడ్డి తీయడం మొదలుపెట్టాను. ఆయన కాసేపు నా చేతివాటం చూసి, ఏమీ అనకుండా పక్కకి జరిగి చోటిచ్చాడు. తర్వాత చైతన్య వచ్చి మధ్యవర్తిగా నిలబడ్డాడు. ఎలుగుబంటి కథ చెప్పించాను. పెద్దాయన గరిటె దించి, కడుపు పట్టుకుని నవ్వాడు.

వాళ్ళు దీన్ని తేనెలా జారుగా ఉండగానే దింపి సీసాల్లో పోస్తారట. నాకు కావలసింది ముద్ద. జొన్న పాకం చెరకు పాకంలా గట్టి దిమ్మ కట్టదు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా జీలకర్రతో నూరడానికి మెత్తగా ఉంటే చాలు. ఒక చిన్న మూకుడులో వేరుగా తీసుకుని ఇంకా కాచాం. ఆయన మాడిపోతుందంటాడు, నేను మాడదంటాను. చల్లటి నీళ్ళలో చుక్క వేసి వేళ్ళతో ఉండ చేసి చూపించాను. ఆయన ఆ ఉండ నోట్లో వేసుకుని తలూపాడు.

అదను చూసి చైతన్య చేత అడిగించాను, ఇందులో మీ చెయ్యి పడింది, రేపు పొద్దున ఒక్కసారి వచ్చి నిలబడరాదా అని. ఆయన ముఖం మళ్ళీ మూసుకుంది. నరికిన గడ ఇంకా మిగిలింది, పొద్దున్నే పొయ్యి వెలిగిస్తాను, రసం పెనంలో పడ్డాక పొయ్యి ఆపే పనే లేదు అన్నాడు. అది నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. మధ్యలో మంట ఆగితే పెనమంతా పులిసిపోతుంది, అటు రసమూ కాదు, ఇటు బెల్లమూ కాదు.

మూకుడు గుడ్డలో పట్టుకుని బయల్దేరబోతుంటే, మిట్టమీద పసుపుపచ్చది ఏమిటని ఆయన అడిగాడు. నా పై ప్రాణం పైనే పోయింది. మా పెద్దలకి పెళ్ళికి ముందు బట్ట పెట్టి పిలుచుకుంటాం, నా భార్య మీ ఆవిణ్ణి పిలిచింది అని చైతన్య చేత చెప్పించాను. ఆయన విని, మంటలోకి ఇంకో కట్టె తోశాడు.

పొగ

తెల్లవారి ముస్తాబై పందిట్లోకి వెళ్తూ ముందు పాక వైపే చూశాను. పొగ లేస్తోంది. సాహితి కూడా చూసిందని తెలుస్తూనే ఉంది, బుగ్గచుక్కతో తల దించుకుని పీటలమీద కూర్చుంది. పంచె కట్టుకున్న ల్యూక్ ముఖంలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే భయంగా ఉంది. వాళ్ళవైపు చుట్టాలు బూట్లు విప్పమంటే విప్పి, సాక్సులతో బుద్ధిగా కూర్చున్నారు. అటువైపు ముందు కుర్చీ ఒకటి ఖాళీ.

పంతులుగారు తెర పట్టించారు. నేను నూరిన జీలకర్రా బెల్లం తమలపాకులమీద పెట్టి ఇద్దరి చేతికీ ఇచ్చాను. నాదస్వరం లేదు, ఎవరో పెట్టెలో పాట పెట్టారు. ముహూర్తం రాగానే ఒకరి తలమీద ఒకరు పెట్టి అదిమిపట్టారు, తెర తీశారు. జొన్న బెల్లం కదా, ఎండకి మెత్తబడి ల్యూక్ నుదుటిమీదుగా జారడం మొదలైంది. రెండు చేతులూ సాహితి తలమీద ఉన్నాయి, తుడుచుకోలేడు. కంట్లో పడేటట్టుంది. అందరం చూస్తున్నాం, కదలాలని ఎవరికీ తోచలేదు.

వెనక గుసగుసలు లేచాయి. తిరిగి చూస్తే ఎర్ల్ గారు. చొక్కా మార్చలేదు, మసి అలాగే ఉంది. కాళ్ళకి ఆ పెద్ద బూట్లు. ఎవరినీ చూడకుండా సరాసరి నడిచి, ముగ్గు తొక్కుకుంటూ పందిట్లోకి ఎక్కేశాడు. వాళ్ళవాళ్ళూ మనవాళ్ళూ ఒక్కసారే ఊపిరి బిగబట్టారు. పంతులుగారు బూట్లు బూట్లు అంటూ సగం లేచారు.

రత్నం ఆయన చేతిలో ఉన్నది చూసింది. నేనూ చూశాను. పసుపుపచ్చ జాకెట్టు ముక్క.

“రానీండి పంతులుగారూ,” అంది. “ఆయనొక్కడే కాదు, ఆవిడ కూడా వచ్చింది.”

దారిలో సారె దించితే ప్రపంచం మునిగిపోతుందన్న మనిషి ఆ మాట అంది. పంతులుగారు కూర్చున్నారు. ఎర్ల్ గారు వంగి ఆ గుడ్డతో మనవడి నుదురు తుడిచాడు, కనుబొమలు తుడిచాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. వేలికి అంటిన బెల్లం నాలుకమీద వేసుకుని, నాకేసి తిరిగి, ఇంకో పొంగు రానివ్వాల్సింది అన్నట్టు తలాడించాడు. ల్యూక్ చేతులు తీయలేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

“ఆలస్యంగా వచ్చావు తాతా,” అన్నాడు.

“పొయ్యి ఆర్పి రావద్దూ,” అన్నాడు ఎర్ల్ గారు.

చైతన్య నా చెవిలో తెలుగు చేసి చెప్పాడు. నేను పాక వైపు చూశాను. పొగ లేదు.

భోజనాల సందడిలో ఒక్కణ్ణే వెళ్ళి చూసొచ్చాను. బూడిదమీద నీళ్ళు కుమ్మరించి ఉన్నాయి. పెనం నిండా సగం ఉడికిన రసం, చల్లబడి, నురగ కట్టి, దానిమీద కందిరీగలు. ఏడాది పంటలో ఎంత భాగమో నాకు తెలియదు. బెల్లం వండేవాడెవడైనా ఆ పెనం చూస్తే ఇంట్లో చావు జరిగిందనుకుంటాడు. మా తాత కాలం నుంచి గానుగలూ పెనాలూ చూస్తున్నాను. రసం పొంగుతుండగా పొయ్యి ఆర్పిన మనిషిని మాత్రం అమెరికా వెళ్ళే చూశాను.